అవసరం లేదని తీసేశారట

వారపత్రిక చివరి పేజీలో గళ్ళ నుడికట్టు కూర్చే మనిషిని పత్రికాఫీసులో అందరూ గళ్ళాయన అంటారు. ఎదురుగా ఎవరూ అనరు. అయినా ఆయనకి తెలుసు. తెలియనట్టు మొహం పెడతాడు గానీ, లోలోపల మురిసిపోతాడు.

పూర్వం ఆయన లారీల కాటా దగ్గర పనిచేసేవాడు. లోడు లారీ వచ్చి ఇనపపలక మీద నిలబడితే తూకం చూసి చీటీ రాసివ్వాలి. అదే లారీ ఖాళీగా తిరిగొస్తే మళ్ళీ చూసి ఇంకో చీటీ రాయాలి. అంతే పని. లారీకీ లారీకీ మధ్య బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో చీటీల వెనక గళ్ళు గీయడం మొదలుపెట్టాడు. కూర్చిన మొదటి ఆధారాన్ని ఒక డ్రైవరు మీద ప్రయోగించాడు: 'తిరగబడిన తీగ మెడమీద కూర్చుంది.' ఆ డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించి ఆలోచిస్తూ పలక దిగడం మర్చిపోయాడు. వెనకున్న లారీలన్నీ హారన్లతో చెవులు చిల్లులు పొడిచాక, "లత... తల! తలే కదండీ!" అని అరిచి మరీ బండి కదిలించాడు. తన జన్మకి సార్థకత ఏమిటో గళ్ళాయనకి ఆ రోజు తెలిసింది.

ఉద్యోగం మానేశాక ఇక అదే లోకం. హాల్లో కిటికీ పక్కన బల్ల, బల్లమీద కంప్యూటరు, పక్కన అంచులు నలిగిన నిఘంటువులు. పాఠకులెవరైనా "మీ ఆధారాలు మరీ అన్యాయంగా ఉంటున్నాయండీ" అని రాస్తే ఆయనకి ఆ పూట ఆకలి బాగా వేసేది. అందరికీ ఒకటే జవాబు రాసేవాడు: అంతా కళ్ళముందే ఉంది, వెతికితే దొరుకుతుంది.

ఆ కంప్యూటరు కూతురు అమర్చిపెట్టింది. ఆమె ఊరికి అటుచివర కాపురముంటుంది, ఒక కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటుంది. ఎవరో ఔత్సాహికులు తయారుచేసి అందరికీ ఉచితంగా పంచే వ్యవస్థ ఒకటి ఎక్కించి ఇచ్చింది. దాని తెరని గళ్ళాయన ఏళ్ళ తరబడి తన చేతికి తగ్గట్టు మచ్చిక చేసుకున్నాడు. కింద బూడిదరంగు పట్టీ. పట్టీ మీద ఎడమ చివర నిఘంటువు, దాని పక్కన గళ్ళ ప్రోగ్రాం, ఆ పక్కన కాలిక్యులేటరు. తెరమీద ఎడమవైపు ఖాళీ గళ్ళ ఫైలు, కుడివైపు జవాబులు నింపిన ఫైలు. కరెంటు పోయి చీకట్లో కూర్చోబెట్టినా ఆయన చెయ్యి సరిగ్గా వెళ్ళి సరైనచోటే వాలుతుంది. అసలు కరెంటు పోతే తెర ఎక్కడుంటుందని భార్య అడిగేది. అది వేరే విషయం.

ఒక ఆదివారం కూతురు వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

"నాన్నా, దీనికి అప్‌డేట్లు ఆపేశారు. కొత్త వెర్షన్ వెయ్యాల్సిందే."

"బాగానే నడుస్తోందిగా?"

"నడుస్తోంది. గొళ్ళెం ఊడిన తలుపుతో నడుస్తోంది. ఎవడైనా దూరొచ్చు."

దూరితే ఏం పట్టుకెళతాడు, వచ్చే నెల ఆధారాలా అనుకున్నాడు గళ్ళాయన. మళ్ళీ నిజంగానే పట్టుకెళతాడేమోనని భయమేసి సరేనన్నాడు. కంప్యూటరు ఆగింది, ఆలోచించింది, మళ్ళీ వెలిగింది. తెరమీద ఒక రంగుల బొమ్మ, పైన సన్నటి నల్లపట్టీ. ఇంకేమీ లేదు.

"సామానేదే?"

"ఏ సామాను?"

"నా సామాను! కింద పట్టీ ఏది? నిఘంటువేది? కాలిక్యులేటరేది?"

"కాలిక్యులేటరు ఎప్పుడైనా వాడావా నాన్నా?"

"వాడకపోతే? గోడకున్న మేకులన్నీ వాడుతున్నామా? పీకేస్తున్నామా?"

"అంతా లోపలే ఉంది. మౌస్‌ని పైకి, ఎడమ మూలకి తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాడు. మూల తగలగానే తెరిచి ఉన్న కిటికీలన్నీ, విండోలని ఆయన కిటికీలనే అంటాడు, రాయి పడితే చెట్టుమీంచి లేచిన కాకుల్లా ఒక్కసారి చెదిరి, చిన్నచిన్న బొమ్మలైపోయి నిలబడ్డాయి. షాక్ కొట్టినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏం చేశానే?"

"ఏం చెయ్యలేదు. దాని పద్ధతే అది."

"మరి కిటికీని కిందకి దించాలంటే? పైన చిన్న గీత ఉండేది కదా?"

"అది తీసేశారు నాన్నా."

"ఎందుకు?"

"అవసరం లేదని."

"ఎవరికి?"

కూతురు గడియారం చూసుకుంది. బస్సుకి టైమైందని లేచింది.

ఆ వారమంతా ఆ ఇంట్లో కంప్యూటరు గొడవ తప్ప ఇంకో మాట లేదు. కిటికీ మూసేద్దామని మౌస్ ఇటు జరిపితే చెయ్యి జారి అటు మూలకి తగిలేది, కాకులు లేచేవి. నిఘంటువు కావాలంటే దాని పేరు టైపు చెయ్యమనేది. "పేరు గుర్తుంటే నిఘంటువెందుకు?" అని తెరమీదికి లేచేవాడు గళ్ళాయన. కాస్త ఆగి, ఆ మాటలో అర్థం లేదని తనకే తోచి, ఇంకా ఉడుక్కునేవాడు. అన్నం తినేటప్పుడు "వాళ్ళకి బుద్ధుందా అసలు?" అనేవాడు. పడుకోబోతూ "వాళ్ళింట్లో ఇలాగే చేస్తారా?" అనేవాడు.

"ఈ వాళ్ళు ఎవరండీ? పక్కింటివాళ్ళా?" అంది భార్య ఓపిక పట్టీపట్టీ.

ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవాళ్ళకి గుండీ పెట్టుకోవడం, గ్లాసు పట్టుకోవడం మళ్ళీ మొదటినుంచి నేర్పడం ఆమె పని. రోజంతా పదిమంది విసుగులు భరించి ఇంటికొస్తే ఇక్కడ పదకొండో పేషెంటు.

"ఈ తెర తయారుచేసినవాళ్ళు. మనం ఊరెళ్ళొచ్చేసరికి ఎవడో వంటింట్లో జొరబడి డబ్బాలన్నీ అటక మీద పెట్టి, 'ఎంత శుభ్రంగా ఉందో చూడండి' అంటే నువ్వు ఊరుకుంటావా?"

"ఊరుకోను. కానీ రెండోరోజుకి నిచ్చెన వేసుకుంటాను. మా దగ్గరికొచ్చేవాళ్ళు కూడా మొదటివారం నన్నే తిడతారు. తరవాత చెయ్యి దాని దారి అదే చూసుకుంటుంది."

"వాళ్ళకంటే జబ్బు చేసింది. నాకేం చేసింది?"

"అదే నాకూ అర్థం కావట్లేదు," అని లైటు ఆర్పేసింది.

ఆ వ్యవస్థ తయారుచేసినవాళ్ళు ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక నడుపుతున్నారని గళ్ళాయన కనిపెట్టాడు. కూర్చుని పెద్ద లేఖ రాశాడు. అందులో వంటింటి డబ్బాలు వచ్చాయి, గోడమేకులు వచ్చాయి, లారీల కాటా కూడా ఎందుకో వచ్చింది. మర్నాడే వాళ్ళలో ఒకాయన జవాబిచ్చాడు. మీ మనోభావాలు పంచుకున్నందుకు ధన్యవాదాలు, కొన్నివారాలు వాడి చూడండి, తప్పకుండా అలవాటైపోతుంది అని. గళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ మర్యాద చూశారూ, అది భరించడం కష్టమైంది.

కానీ ఆ వేదిక మీద ఆయనకి పెద్ద ఊరట కూడా దొరికింది. అక్కడ తనలాంటివాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు ఉన్నారు. ఒకడు కీబోర్డు విసిరి కొట్టానన్నాడు. ఇంకొకావిడ, తీసేసిన గీతకి సంతాపం తెలుపుతూ నల్లంచు కట్టి మరీ రాసింది. గళ్ళాయన ఒక్కొక్కటీ చదివి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, కింద 'నిజం' అని రాసేవాడు. పొద్దున్న కాఫీతో మొదలుపెడితే మధ్యాహ్నమయ్యేది. నుడికట్టు మాత్రం ముందుకి జరిగేది కాదు. జరిగిన కాస్తలోనూ ఉక్రోషమే. 'అడక్కుండా ఇంట్లో సామాను చోటు మార్చేవాళ్ళు' అని ఒక ఆధారం కూర్చాడు. జవాబు: దొంగలు.

సంపాదకురాలు ఫోన్ చేసింది. "సార్, దొంగలు చోటు మార్చరు కదా, పట్టుకుపోతారు."

"ఇక్కడ రెండూ చేశారమ్మా," అన్నాడు గళ్ళాయన. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన కదా అని ఊరుకుంది.

తరవాతి నుడికట్టు పంపాల్సిన రోజు రానే వచ్చింది. ఆ పొద్దున కూడా వేదిక మీద ఎవరితోనో వాదులాడి, హడావుడిగా మెయిలు తెరిచాడు. పాత తెరమీదైతే ఎడమవైపున్న ఫైలు పట్టుకుని లాగి పడేయడమే. ఇప్పుడు తెరమీద ఫైళ్ళే లేవు. ఒక జాబితా వచ్చింది, అందులో చివర తెరిచింది అన్నిటికంటే పైన ఉంది. ముందున్నది కదా అని దాన్నే నొక్కి పంపేశాడు. అది జవాబుల ఫైలు.

పత్రికలోనూ ఆ వారం ఏదో తొందర. వారపత్రిక చివరి పేజీలో నుడికట్టు అచ్చయింది. అన్ని గళ్ళూ నింపేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో, చూడముచ్చటగా.

"సార్, ఈసారి పాఠకుల మీద మరీ జాలిపడ్డారు," అంది సంపాదకురాలు ఫోనులో. కోపంగా అందామనుకుంది, కానీ మధ్యలోనే నవ్వొచ్చేసింది. "నేనూ పేజీ సరిగ్గా చూసుకోలేదు. ఇద్దరి తప్పూ ఉంది. వచ్చేవారం వేయడానికి చిన్న వివరణ రాసివ్వండి."

గళ్ళాయన చిన్న వివరణ రాయడానికి కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. అందులో మూడున్నర పేజీలు 'వాళ్ళ' గురించే. ఆమె అదంతా చదివి, 'పొరపాటుకు చింతిస్తున్నాం' అన్న ఒక్కమాట ఉంచింది. ఇంతలో ఒక పాఠకుడు ఆ నింపిన పేజీనే చింపి, కింద సంతకం పెట్టి, తప్పుల్లేకుండా పూరించినవాళ్ళ పేర్లలో తన పేరు వేయమని పంపించాడు.

ఆ పరువు కాస్తా పోయాక, ఎవరికీ కనపడకుండా కొన్నాళ్ళుందామనుకున్నాడు గళ్ళాయన. కానీ జుట్టు చెవులమీదికి వచ్చేసింది. సందు మొదట్లో మంగలిషాపుకి వెళ్ళక తప్పలేదు. ఆ షాపాయన మామూలువాడు కాదు. మొదటినుంచీ ప్రతివారం నుడికట్టు పూరిస్తాడు, ప్రతివారం పోట్లాడతాడు. గళ్ళాయన కుర్చీలో కూర్చోగానే మెడకి గుడ్డ చుట్టి, ఆ పేజీ తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"ఈ వారం నాకేం పని మిగల్చలేదేంటి మాస్టారూ?"

గళ్ళాయన ఇదే అదనుగా మొత్తం కథ ఎత్తుకున్నాడు. కింద పట్టీ, చిన్న గీత, మూల, కాకులు, మర్యాదగా జవాబిచ్చినాయన, ఏదీ వదల్లేదు. మంగలి దువ్వెనతో జుట్టు లేపుతూ, కత్తిరిస్తూ అన్నిటికీ ఊ కొట్టాడు. తరవాత నురగ రాసి, గడ్డం పైకెత్తి, కత్తి మెడమీద ఆనించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"ఒకటడుగుతాను మాస్టారూ, కదలకండి. ఇదివరకు మీరు ప్రతి ఆధారం చివరా జవాబు ఎన్నక్షరాలో అంకె వేసేవారు. గుర్తుందా? ఒక వారం చూద్దునుగదా, అంకెల్లేవు. మాయం. అడిగితే ఏమన్నారు? అవసరం లేదన్నారు. గళ్ళు కనపడుతున్నాయిగా, లెక్కపెట్టుకోమన్నారు. పేజీ శుభ్రంగా ఉందన్నారు. నాకు కళ్ళజోడొచ్చిన ఏడాది అది. గళ్ళు లెక్కపెట్టలేక ఎంత తిట్టుకున్నానో. మమ్మల్నెవరైనా అడిగారా అప్పుడు? పైగా, కొన్నివారాల్లో అలవాటైపోతుందన్నారు. కదలకండి."

గళ్ళాయన కదల్లేదు. కత్తి ఇటు దవడ మీంచి అటు దవడ మీదికి నింపాదిగా వెళ్ళింది. మంగలి కత్తి కడిగి, తడిగుడ్డతో మొహం తుడిచి వదిలిపెట్టాక గళ్ళాయన అడిగాడు.

"మరి అలవాటైందా?"

"ఎందుక్కాదు? నెల్లాళ్ళకే అయింది."

"అయితే మరింకేంటయ్యా?"

"అలవాటైంది మాస్టారూ. కోపం మాత్రం పోలేదు," అన్నాడు మంగలి, గుడ్డ దులుపుతూ.

ఆ సాయంత్రం గళ్ళాయన బల్లదగ్గర ఊరికే కూర్చున్నాడు. వేదిక తెరవలేదు. భార్య వచ్చి నుదుటిమీద చెయ్యేసి చూసింది. జ్వరం లేదు. మంగలి అన్నది చెప్పాడు. ఆమె పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. లోపలినుంచి నవ్వు వినపడుతూనే ఉంది.

ఆపై ఆదివారం కూతురు మంచివార్త మోసుకొచ్చింది. పాత తెర పోయిందని ఏడ్చినవాళ్ళలో కొంతమంది పనిమంతులు ఏడుపు ఆపి, దాన్నే ఇంకో పేరుతో మళ్ళీ బతికించారట. "అచ్చం నీ పాతదే నాన్నా. కొత్తది కూడా ఉంటుంది. కంప్యూటరు మొదలుపెట్టేటప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు."

"కొత్తదెందుకు, పీకెయ్."

"గోడకి మేకులా ఉండనీ," అంది కూతురు. తండ్రి మాట తండ్రికే అప్పగించి, ఏమీ ఎరగనట్టు పని కానిచ్చింది.

తెర వెలిగింది. బూడిదరంగు పట్టీ. ఎడమ చివర నిఘంటువు. పక్కన గళ్ళ ప్రోగ్రాం. ఆ పక్కన కాలిక్యులేటరు. చిన్న గీత! గళ్ళాయన గీత నొక్కి కిటికీ దించాడు. మళ్ళీ పైకి తెచ్చాడు. మళ్ళీ దించాడు. కూతురు బస్సెక్కి ఇల్లు చేరి ఫోన్ చేసేదాకా అదే పని.

మర్నాడు పొద్దున భార్య డ్యూటీకి తయారవుతూ చూసింది. ఆయన నుడికట్టు ముందు కూర్చుని మౌస్‌ని ఎడమ మూలకి కొట్టాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి కొట్టాడు. కాకులు లేవలేదు. నిఘంటువు కోసం కీబోర్డు మీద దాని పేరు మొదలుపెట్టాడు. అక్షరాలు వెళ్ళి తొమ్మిదో ఆధారంలో పడ్డాయి.

"ఏంటండీ, పాడైందా?"

"పాడేం లేదు. బానే ఉంది. చాలా బావుంది," అన్నాడు, మెడ కూడా తిప్పకుండా.

"చెయ్యి నేర్చేసుకుందండీ. మీరే ఇంకా ఒప్పుకోవట్లేదు."

"నువ్వు ఆసుపత్రికి వెళ్ళు, ఆలస్యమవుతోంది."

ఆమె వెళ్ళింది. ఆయన కాసేపు పెనుగులాడి, లేచి వీధితలుపు వేసి ఉందో లేదో చూసుకుని, కంప్యూటరు ఆపి కొత్త తెర ఎంచుకున్నాడు. పని చకచకా సాగింది. అప్పటినుంచి అదే వరస. వారమంతా కొత్త తెర, ఆదివారం కూతురొచ్చే వేళకి పాత తెర. ఆమె ముందు గీత నొక్కి చూపించి, "చూశావా, ఎంత హాయి!" అనేవాడు. భార్యకి సంగతంతా తెలుసు. పేషెంట్ల విషయాలు బయటపెట్టకూడదన్న నియమం ఆమె ఇంట్లో కూడా పాటించింది.

అంకెల సంగతి మాత్రం ఆయన మర్చిపోలేదు. సంపాదకురాలికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆధారాల చివర అక్షరాల అంకెలు మళ్ళీ పెడదామా?"

"పెడదాం సార్. వచ్చేవారం నుంచేనా?"

"కాదు కాదు. ముందు అడుగుదాం. అడిగి పెడదాం."

అడిగితే ఉత్తరాలు కట్టలుగా వచ్చాయి. సగంమంది అంకెలు పెట్టి పుణ్యం కట్టుకోమన్నారు. మిగతా సగం, ఇన్నాళ్ళూ అంకెల్లేకుండా పూరించినవాళ్ళం, ఇప్పుడు మమ్మల్ని ఒకటో తరగతిలో కూర్చోబెడతారా అని మండిపడ్డారు. గళ్ళాయన తలపట్టుకుని, ఆ చర్చావేదిక మీద తనకి మర్యాదగా జవాబిచ్చినాయన్ని మొదటిసారి కాస్త జాలిగా తలుచుకున్నాడు. చివరికి అంకెలన్నీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో తలకిందులుగా వేయించాడు. కావలసినవాళ్ళు పేజీ తిప్పి చూసుకుంటారు, అక్కర్లేనివాళ్ళు చూడరు. పత్రిక తిప్పీ తిప్పీ ఆధారం ఎక్కడ చదువుతున్నానో మర్చిపోతున్నానని మంగలి కొత్త తగువు తెచ్చాడు.

ఒకరోజు భార్య ఆసుపత్రినుంచి త్వరగా వచ్చేసింది. పేషెంటుకి ఇంటిదగ్గర చేయాల్సిన వేళ్ళ వ్యాయామాలు టైపు చేసి ఇవ్వాలట. కంప్యూటరు ముందు కూర్చుని, మొదట్లో అడిగే రెండు పేర్లూ చూసి అడిగింది.

"దేంట్లోకి వెళ్ళమంటారు?"

"నీ ఇష్టం. దేన్లోకైనా వెళ్ళు. నాకేం?" అన్నాడు గళ్ళాయన, నిఘంటువులో తల దూర్చి.

ఆమె కొత్తది నొక్కింది. రంగుల బొమ్మ, నల్లపట్టీ. అటు చూసింది, ఇటు చూసింది. "ఇందులో ఏం లేదేంటండీ?"

ఆయన పేజీ తిప్పాడు. ఆమె మౌస్ పట్టుకుని తెరంతా చక్రాలు తిప్పుతోంది. ఆయన ఇంకో పేజీ తిప్పాడు. ఆమె కుడిమూలకి వెళ్ళింది. కిందకి వచ్చింది. ఇక ఆయన వల్ల కాలేదు.

"అక్కడ కాదే. పైకి. ఎడమ మూల. ఊరికే తగిలించు, నొక్కక్కర్లేదు. ఆఁ! చూశావా, అన్నీ ఎలా వచ్చి నిలబడ్డాయో? ఇప్పుడు నీకు కావలసినదాని పేరులో రెండక్షరాలు కొట్టు చాలు, మొత్తం అక్కర్లేదు. అదే తెచ్చి పెడుతుంది. ఎక్కడుందో గుర్తుపెట్టుకునే బాధే లేదు. భలే ఆలోచించి చేశారులే..."

చెప్పుకుంటూ పోతున్న మనిషి సగంలో ఆగిపోయాడు. భార్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెర కాకుండా ఆయన మొహమే చూస్తోంది.

"ఎవరండీ చేసింది?" అంది మెల్లగా.

"ఎవరో ఒకరు చేశారు. నువ్వు టైపు చేసుకో," అన్నాడు గళ్ళాయన, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుని. "మొదటి వ్యాయామం ఏంటి? బొటనవేలా?"